గెట్టిస్‌బర్గ్ ప్రసంగం: తరచుగా అడిగే ప్రశ్నలు

గెట్టిస్‌బర్గ్ ప్రసంగం అంటే ఏమిటి?

అమెరికా అంతర్యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1863 నవంబరు 19న, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెట్టిస్‌బర్గ్ పట్టణంలో యుద్ధమృతుల కోసం ఏర్పాటైన జాతీయ శ్మశానవాటికను అంకితం చేసే సభలో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ చేసిన ప్రసంగం ఇది. మొత్తం పది వాక్యాలు, సుమారు 270 ఆంగ్ల పదాలు. చదవడానికి రెండు మూడు నిమిషాలకు మించి పట్టదు. బడిలో సాంఘిక శాస్త్రం చదివిన తెలుగువారందరికీ దీని చివరి మాటలు కంఠస్థమే: "ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు". మన పాఠ్యపుస్తకాలు వీటిని ప్రజాస్వామ్యానికి నిర్వచనంగా నేర్పాయి. అయితే లింకన్ ఆనాడు నిర్వచనం చెప్పడానికి నిలబడలేదు. అటువంటి ప్రభుత్వం భూమి మీద లేకుండా పోయే ప్రమాదం నిజంగానే ఉన్న సమయంలో, దాన్ని పోనివ్వబోమని బతికున్నవారి చేత ప్రతిన చేయించడానికి నిలబడ్డారు. ఈ తేడాను పట్టుకుంటేనే మిగతా ప్రసంగం అర్థమవుతుంది.

ఆ పట్టణంలో అంతకుముందు ఏం జరిగింది?

1860 ఎన్నికల్లో లింకన్ గెలిచాక, బానిసత్వానికి ముప్పు వచ్చిందని భావించిన దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దేశం నుంచి విడిపోయి కాన్ఫెడరసీ పేరుతో వేరే ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. చివరికి వాటి సంఖ్య పదకొండుకు చేరింది. 1863 వేసవిలో వారి సేనాని రాబర్ట్ లీ ఉత్తరాది గడ్డ మీదికే దండెత్తి వచ్చారు. జూలై 1 నుంచి 3 వరకు గెట్టిస్‌బర్గ్ చుట్టూ ఉన్న పొలాల్లో, గుట్టల మీద ఆయన సైన్యానికీ, జార్జ్ మీడ్ నాయకత్వంలోని సమాఖ్య (లింకన్ ప్రభుత్వపు, ఉత్తరాది) సైన్యానికీ జరిగిన పోరులో రెండు పక్షాలా కలిపి చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, ఆచూకీ తెలియనివారు సుమారు 51,000 మంది. అక్కడికక్కడే చనిపోయినవారు ఏడు వేలకు పైనే. లీ ఓడి వెనుదిరిగారు.

ఆ పట్టణ జనాభా అప్పటికి 2,400 మాత్రమే. సైన్యాలు వెళ్లిపోయాక, జూలై ఎండలో ఆ కొద్దిమందికి మిగిలినవి వేల శవాలు, చచ్చిపడిన గుర్రాలు, ఇళ్లలోనూ చర్చిల్లోనూ గడ్డివాముల్లోనూ మూలుగుతున్న వేలాది క్షతగాత్రులు. శవాలను ఎక్కడివక్కడ లోతులేని గుంటల్లో పూడ్చి, పైన ఏ చెక్కముక్క మీదో పెన్సిలుతో పేరు రాశారు. నాలుగు వానలు పడేసరికి మట్టి కొట్టుకుపోయింది, పేర్లు చెరిగిపోయాయి.

శ్మశానవాటికను ఎవరు, ఎలా ఏర్పాటు చేశారు?

పెన్సిల్వేనియా గవర్నర్ ఆండ్రూ కర్టిన్ తరఫున స్థానిక న్యాయవాది డేవిడ్ విల్స్ పూనుకుని, సెమెటరీ హిల్ అనే గుట్ట మీద 17 ఎకరాలు కొనుగోలు చేయించారు. తోటల రూపకర్త విలియం సాండర్స్ సమాధులను అర్ధచంద్రాకారంలో, రాష్ట్రాలవారీగా అమర్చారు. అధికారి అనీ మామూలు సిపాయి అనీ భేదం చూపకుండా అందరికీ ఒకే తీరు స్థలం కేటాయించారు. నా దృష్టిలో ఆ సభలో చెప్పబోయే సమానత్వం మాట ముందుగా ఆ నేల మీద గీసిన పటంలోనే కనిపిస్తుంది.

గుంటల్లోంచి శవాలను తీసి మళ్లీ పూడ్చే పనిని ఒక్కో శవానికి 1.59 డాలర్ల చొప్పున గుత్తకు ఇచ్చారు. సామ్యూల్ వీవర్ అనే వ్యక్తి ప్రతి శవం దగ్గరా నిలబడి, చిన్న ఇనుప కొక్కెంతో జేబులు వెతికించి, దొరికిన ఉత్తరాలను బట్టీ, డైరీలను బట్టీ, దుస్తుల మీది గుర్తులను బట్టీ అతడు ఎవరో, ఏ పక్షం వాడో తేల్చేవారు. తవ్వి తీసే కూలీలు నల్లజాతివారు. వారికి మేస్త్రీగా ఉన్నవారు బాసిల్ బిగ్స్. సభ నాటికి మూడోవంతు మాత్రమే పూర్తయిన ఈ పని 1864 మార్చి దాకా సాగింది. మూడున్నర వేల మందిని అక్కడ ఖననం చేశారు. వారిలో వెయ్యికి దగ్గరగా ఉన్న సమాధుల మీద పేరు లేదు.

అక్కడ దక్షిణాది సైనికులు కూడా ఉన్నారా?

లేరు. ఆ శ్మశానవాటిక సమాఖ్య సైనికులకు మాత్రమే ఉద్దేశించినది. గుర్తింపులో పొరపాటు జరిగి కొద్దిమంది చేరి ఉంటారే తప్ప, కాన్ఫెడరేట్ మృతులు చాలా ఏళ్లపాటు పొలాల్లోని గుంటల్లోనే ఉండిపోయారు. 1870, 1873 మధ్య మూడు వేల మందికి పైగా అస్థికలను దక్షిణాదికి, ముఖ్యంగా వర్జీనియా రాష్ట్రం రిచ్మండ్‌లోని హాలీవుడ్ శ్మశానవాటికకు తరలించారు.

ఆ సభకు ముఖ్యవక్త లింకన్ కాదా?

కాదు. ముఖ్యవక్త ఎడ్వర్డ్ ఎవరెట్. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా, మసాచుసెట్స్ గవర్నరుగా, విదేశాంగ మంత్రిగా, సెనేటరుగా పనిచేసిన ఆయన ఆ కాలంలో దేశంలోకెల్లా పేరున్న వక్త. 1860 ఎన్నికల్లో లింకన్‌కు వ్యతిరేకంగా పోటీ చేసిన ఒక పార్టీ తరఫున ఉపాధ్యక్ష అభ్యర్థి కూడా. మొదట సభను అక్టోబరు 23న జరపాలనుకున్నారు, కానీ సిద్ధం కావడానికి మరికొంత వ్యవధి కావాలని ఎవరెట్ కోరడంతో నవంబరు 19కి మార్చారు. లింకన్‌కు విల్స్ రాసిన ఆహ్వానం మీద ఉన్న తేదీ నవంబరు 2. ముఖ్యోపన్యాసం అయ్యాక, "సందర్భోచితంగా నాలుగు మాటలు" చెప్పి స్థలాన్ని లాంఛనంగా అంకితం చేయమన్నది అందులోని కోరిక.

ఎవరెట్ రెండు గంటలపాటు, 13,000కు పైగా పదాల ఉపన్యాసాన్ని ఇచ్చారు. దాన్ని ఇప్పుడు వేళాకోళం చేయడం పరిపాటి అయింది గానీ, అది అన్యాయం. ఆనాటి శ్రోతలు అటువంటి దీర్ఘోపన్యాసం వినడానికే వచ్చారు. మూడు రోజుల యుద్ధం ఏ క్రమంలో జరిగిందో ఒక పద్ధతిగా వారికి మొదటిసారి చెప్పినవారిలో ఎవరెట్ ఒకరు. ఆ రెండు గంటలు లేకపోతే లింకన్ రెండు నిమిషాలతో సరిపెట్టుకునే వీలు ఉండేది కాదు.

లింకన్ ఈ ప్రసంగాన్ని రైలులో ఒక కవరు వెనుక రాసుకున్నారన్న కథ నిజమేనా?

నిజం కాదు. ఎన్నాళ్లుగానో ప్రచారంలో ఉన్న ఆ కథ 1906లో అచ్చయిన ఒక కల్పిత రచన వల్ల మరింత బలపడింది. ఇప్పటికీ భద్రంగా ఉన్న తొలి రాతప్రతిలో మొదటి పుట అధ్యక్ష భవనం పేరు అచ్చువేసిన కాగితం మీద సిరాతో రాసి ఉంది. రెండో పుట మాత్రం వేరే కాగితం మీద, పెన్సిలుతో ఉంది. అంటే వాషింగ్టన్‌లో మొదలుపెట్టి, ముగింపును తరువాత తిరగరాసుకున్నారని అనుకోవచ్చు. ఆయన ఈ సభను ఆషామాషీగా తీసుకోలేదనడానికి మరో దాఖలా ఉంది. సభ రోజునే పొద్దున బయలుదేరి వెళ్లి రావచ్చని యుద్ధశాఖ ఏర్పాటు చేస్తే, దారిలో ఏ చిన్న అవాంతరం వచ్చినా మొత్తం ప్రయాణం వృథా అవుతుందని అభ్యంతరం చెప్పి, ముందురోజే రైలెక్కారు. ఆ రాత్రి విల్స్ గారి ఇంట్లో బసచేసి, పక్కింట్లో దిగిన విదేశాంగ మంత్రి విలియం సీవార్డ్ దగ్గరికి కాగితాలు పట్టుకుని వెళ్లి మాట్లాడి వచ్చారు.

ఆలోచన అంతకంటే పాతది. గెట్టిస్‌బర్గ్‌లో గెలుపు, మిసిసిపీ నది మీది దక్షిణాది స్థావరం విక్స్‌బర్గ్ లొంగుబాటు వార్తలు అందాక జూలై 7న అధ్యక్ష భవనం ముందు గుమిగూడిన జనంతో ఆయన అప్పటికప్పుడు మాట్లాడుతూ, మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారని ఒక జాతి ప్రకటించి ఎన్నేళ్లయింది, ఎనభై ఏళ్ల పైమాటే కదా అన్నారు. ఇది గొప్ప విషయమనీ, దీనికి తగిన ఉపన్యాసం ఇవ్వడానికి తాను సిద్ధంగా లేననీ అక్కడితో ఆపేశారు. "ఎనభై ఏళ్ల పైమాటే" అన్న ఆ తడబాటు నాలుగు నెలల తరువాత "నాలుగు ఇరవైల మీద ఏడేళ్ల క్రితం" అనే గంభీరమైన ఎత్తుగడగా మారింది.

ప్రసంగంలో ఆయన ఏమన్నారు?

భావం ఇది. 87 ఏళ్ల క్రితం మన పూర్వులు ఈ ఖండం మీద ఒక కొత్త జాతిని నెలకొల్పారు; అది స్వేచ్ఛలో రూపుదిద్దుకుంది, మనుషులందరూ సమానులే అన్న ప్రతిపాదనకు అంకితమైంది. అటువంటి జాతి ఏదైనా ఎక్కువకాలం నిలవగలదా అన్నది తేల్చే పరీక్షే ఇప్పటి ఈ యుద్ధం. ఆ జాతి బతకాలని తమ ప్రాణాలు ఇచ్చినవారికి ఈ రణభూమిలో కొంత భాగాన్ని విశ్రాంతి స్థలంగా అంకితం చేయడానికి వచ్చాం. అలా చేయడం తగిన పనే.

ఇక్కడితో మర్యాద పూర్తయింది. మామూలు వక్త అయితే ఇక మృతుల శౌర్యాన్ని వర్ణిస్తాడు. లింకన్ తన మాటను తానే వెనక్కి తిప్పుతారు: నిజానికి ఈ నేలను మనం అంకితం చేయలేం, పవిత్రం చేయలేం, ఇక్కడ పోరాడినవారే, బతికున్నవారూ చనిపోయినవారూ, దాన్ని పవిత్రం చేశారు, దానికి కలపడానికి గానీ తీసివేయడానికి గానీ మన శక్తి చాలదు. మనం ఇక్కడ అన్నది లోకం గుర్తుంచుకోదు, వారు ఇక్కడ చేసింది ఎన్నటికీ మరచిపోదు. అంకితం కావలసింది నేల కాదు, మనం. వారు ముందుకు తీసుకువెళ్లి అసంపూర్ణంగా వదిలిన పనికి మనం అంకితం కావాలి. వారి మరణం వృథా కాకూడదనీ, ఈ జాతికి స్వేచ్ఛ మళ్లీ కొత్తగా పుట్టాలనీ, ప్రజల ప్రభుత్వం భూమి మీద నశించకూడదనీ మనం ఇక్కడ గట్టిగా నిశ్చయించుకోవాలి.

మూలంలో "అంకితం" అన్న అర్థమిచ్చే మాట ఆరుసార్లు వస్తుంది. మొదట అది ఒక సిద్ధాంతానికి జాతి అంకితం కావడం, తరువాత మృతులకు నేల అంకితం కావడం, చివరకు పనికి మనుషులు అంకితం కావడం. "ఇక్కడ" అన్న మాట ఎనిమిదిసార్లు వస్తుంది. "నేను" ఒక్కసారి కూడా రాదు. శత్రువు పేరు, సేనానుల పేర్లు, ఆ పట్టణం పేరు కూడా లేవు. చివరి వాక్యం ఒక్కటే దాదాపు 80 పదాల పొడవు. అంతకుముందు చిన్న వాక్యాలతో నడిచిన ప్రసంగం ఆ ఒక్క వాక్యంలో ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ప్రతినగా మారిపోతుంది.

87 ఏళ్లు వెనక్కి ఎందుకు లెక్కపెట్టారు?

1863లోంచి 87 తీసివేస్తే 1776 వస్తుంది. అది స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఏడాది. రాజ్యాంగం రూపొందిన 1787 నుంచి లెక్కపెడితే 76 ఏళ్లే అవుతాయి. ప్రసంగమంతటికీ కీలకమైన ఎంపిక ఇది. 1787 నాటి రాజ్యాంగం బానిసత్వాన్ని సహించింది. రాష్ట్రాలకు ప్రతినిధుల సంఖ్యను నిర్ణయించేటప్పుడు బానిసల్లో అయిదింట మూడు వంతులనే లెక్కలోకి తీసుకుంది. 1776 నాటి ప్రకటన మాత్రం మనుషులందరూ సమానులని చెప్పింది, దాన్ని రాసిన థామస్ జెఫర్సన్ స్వయంగా బానిసలకు యజమాని అయినప్పటికీ. దేశం పుట్టింది రాజ్యాంగంతో కాదు, సమానత్వ ప్రకటనతో అని లింకన్ చెప్పడం అప్పటికి వివాదాస్పదమైన వాదనే. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో తమ కొత్త ప్రభుత్వానికి మూలస్తంభం నల్లజాతివారు తెల్లవారితో సమానులు కారన్న సత్యమేనని బాహాటంగా ప్రకటించారు. ఆ మాటకు లింకన్ ఇచ్చిన సమాధానంగా గెట్టిస్‌బర్గ్ తొలి వాక్యాన్ని చదవవచ్చు.

మరి బానిసత్వం పేరు ఎందుకు ఎత్తలేదు?

1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన జారీ చేసింది లింకనే; ఆ జూలై నాటికి నల్లజాతి దళాలు సమాఖ్య సైన్యంలో పోరాడుతున్నాయి. అదే జూలైలో న్యూయార్క్‌లో నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా మొదలైన అల్లర్లు నల్లవారి మీద హత్యాకాండగా మారాయి. ఉత్తరాదిలోనే బానిసల విముక్తి కోసం ప్రాణాలివ్వడానికి ఇష్టపడనివారు ఎందరో ఉన్నప్పుడు, వారిని కూడా ఒకే ప్రతినలోకి తేవాలంటే బానిసత్వం అన్న మాటను పక్కనపెట్టి, "స్వేచ్ఛకు కొత్త పుట్టుక" అనడమే ఆయనకు సాధ్యమైన దారి. వింటున్నవారికి అర్థం కాకపోలేదు. విరోధ పత్రికలు వెంటనే పట్టుకున్నాయి.

కాన్ఫెడరేట్ సైనికులే స్వయం నిర్ణయం కోసం పోరాడారు కాబట్టి ప్రసంగంలో తర్కం లేదని 20వ శతాబ్దంలో పాత్రికేయుడు హెచ్.ఎల్. మెంకెన్ ఎగతాళి చేశారు. దక్షిణాదిలో బానిసలుగా ఉన్న దాదాపు 40 లక్షల మందిని "ప్రజలు" అన్న లెక్కలోంచి తీసివేస్తేనే ఆ వాదన నిలుస్తుంది. లీ సైన్యం పెన్సిల్వేనియాలో ఉన్నన్ని రోజులూ అక్కడి నల్లజాతివారిని, వారిలో స్వతంత్రులను కూడా, పట్టుకుని దక్షిణాదికి తోలుకుపోయిందన్నది కూడా మరువరాదు.

సభికులూ పత్రికలూ ఎలా స్పందించారు?

సభకు సుమారు 15,000 మంది వచ్చారని అంచనా. చప్పట్లు కొట్టారా, నిశ్శబ్దంగా ఉండిపోయారా అన్న విషయంలో ప్రత్యక్ష సాక్షులే పరస్పర విరుద్ధంగా చెప్పారు. పత్రికలు తమ తమ పార్టీల వెంట నడిచాయి. రాజ్యాంగంలో లేని సమానత్వాన్ని మృతులకు అంటగట్టారని చికాగో టైమ్స్ దుయ్యబట్టింది. హారిస్‌బర్గ్‌లోని ఒక పత్రిక అవి వెర్రి మాటలని తోసిపుచ్చింది. దాని వారసత్వ పత్రిక 150 ఏళ్ల తరువాత, 2013 నవంబరులో, ఆ వ్యాఖ్యను ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ పత్రిక మాత్రం దాన్ని మెచ్చుకుంది. అందరికంటే ముందు విలువ కట్టినవారు ఎవరెట్. మీరు రెండు నిమిషాల్లో చేరుకున్న అసలు విషయానికి నేను రెండు గంటల్లో అంత దగ్గరగా రాగలిగానని అనుకోగలిగితే సంతోషిస్తానని మరునాడే లింకన్‌కు ఉత్తరం రాశారు.

అసలు ప్రతి ఎక్కడ ఉంది?

లింకన్ స్వదస్తూరితో ఉన్న ప్రతులు అయిదు. ఆయన కార్యదర్శులు జాన్ నికొలే, జాన్ హే దగ్గర ఉన్న రెండూ ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మిగిలిన మూడు సైనికుల సహాయార్థం జరిగిన ప్రదర్శనల కోసం 1864లో రాసి ఇచ్చినవి: ఎవరెట్ కోరగా రాసినది ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చరిత్రకారుడు జార్జ్ బాన్‌క్రాఫ్ట్ కోరగా రాసినది కార్నెల్ విశ్వవిద్యాలయంలో, అలెగ్జాండర్ బ్లిస్‌కు ఇచ్చినది శ్వేతసౌధంలో. శీర్షిక, తేదీ, సంతకం మూడూ ఉన్నది బ్లిస్ ప్రతి ఒక్కటే కాబట్టి అదే ప్రామాణికమైంది. నికొలే, హే ప్రతుల్లో "దేవుని ఛత్రం కింద" అన్న మాటలు లేవు. సభలో రాసుకున్న విలేకరుల వార్తల్లో మాత్రం ఉన్నాయి. కాబట్టి మాట్లాడుతూ ఉండగా ఆయన నోట అప్పటికప్పుడు వచ్చాయని ఎక్కువమంది నమ్ముతారు.

ఆయన మాట్లాడుతున్న ఛాయాచిత్రం ఉందా?

లేదు. సభ జరిగిన రోజున తీసిన ఒక చిత్రంలో, వేదిక మీది జనం మధ్య టోపీ లేకుండా తల వంచి కూర్చున్న లింకన్‌ను 1952లో జాతీయ అభిలేఖాగార ఉద్యోగి జోసెఫీన్ కాబ్ గుర్తించారు. అప్పటిదాకా ఆ గాజు పలకలో ఆయన ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

"ప్రజల చేత, ప్రజల కొరకు" అన్న మాటలు పూర్తిగా లింకన్ సొంతమా?

కాదు. ప్రజల కోసం ప్రజలే ఏర్పరచుకున్న, ప్రజలకే జవాబుదారీ అయిన ప్రభుత్వం అని డేనియల్ వెబ్‌స్టర్ 1830లో సెనేట్‌లో అన్నారు. బానిసత్వ వ్యతిరేకి, మతబోధకుడు థియొడర్ పార్కర్ ఇంచుమించు ఇవే మాటలను పలుమార్లు వాడారు. వీరిద్దరినీ లింకన్ చదివి ఉన్నారు. ఆయన చేసిందల్లా ఆ మాటలకు తగిన చోటు చూపించడం.

ప్రాచీన ఏథెన్స్‌లో పెరిక్లీస్ చేసిన ప్రసంగంతో దీన్ని ఎందుకు పోలుస్తారు?

పెలొపొనీసియన్ యుద్ధం మొదటి ఏడాది మృతుల అంత్యక్రియల్లో, క్రీ.పూ. 431 చివర, పెరిక్లీస్ చేసిన ప్రసంగాన్ని చరిత్రకారుడు థుసిడిడీస్ గ్రంథస్థం చేశారు. ముందు పూర్వుల స్మరణ, తరువాత నగర ఆదర్శాలు, ఆపైన మృతులు, చివరకు బతికున్నవారి కర్తవ్యం అన్న వరుస రెంటిలోనూ ఉంది. మృతుల చేతల ముందు మాటలు చాలవన్న వినయం కూడా రెంటిలో కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, పెరిక్లీస్ తన నగరం ఎంత గొప్పదో చెప్పి, దాని కోసం చనిపోవడం తగునని ఒప్పిస్తారు. లింకన్ తన దేశాన్ని పొగడరు. అది నిలుస్తుందో లేదో ఇంకా తేలలేదంటారు.

ఆ తరువాత ఏమైంది?

తిరుగు ప్రయాణంలోనే లింకన్‌కు ఒంట్లో బాగాలేకపోయింది. అది తేలికపాటి మశూచి అని తేలింది, కొన్ని వారాల్లో కోలుకున్నారు. ఆయన వెంట గెట్టిస్‌బర్గ్ వెళ్లిన నల్లజాతి పరిచారకుడు విలియం జాన్సన్‌కు కూడా మశూచి సోకి, 1864 జనవరిలో చనిపోయారు. ఈ ప్రసంగం కథను చెప్పేవారు ఆ పేరును కూడా చెప్పాలని నా అభిప్రాయం. యుద్ధం 1865 ఏప్రిల్‌లో ముగియడం, కొద్ది రోజులకే లింకన్ హత్యకు గురికావడం తెలిసినవే. ఆ ఏడాది డిసెంబరులో అమల్లోకి వచ్చిన 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 14వ సవరణ 1868లో పౌరసత్వాన్ని, చట్టం ముందు సమాన రక్షణను రాజ్యాంగంలో చేర్చింది. వాటి అమలు కోసం మరో వందేళ్లు పోరాడవలసి వచ్చింది. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ తన వాషింగ్టన్ ప్రసంగం తొలి మాటల్లో "అయిదు ఇరవైల ఏళ్ల క్రితం" అన్నప్పుడు ఆయన నిలబడిన లింకన్ స్మారకం లోపలి గోడ మీద గెట్టిస్‌బర్గ్ ప్రసంగమంతా చెక్కి ఉంది. ఫ్రాన్స్ 1958 రాజ్యాంగంలోని రెండో అధికరణ ఆ చివరి మాటలనే గణతంత్ర సూత్రంగా స్వీకరించింది. చైనాలో సున్ యత్-సేన్ తన మూడు ప్రజాసూత్రాలను వాటితో పోల్చి వివరించారు.

ఆ స్థలాన్ని చూడవచ్చా?

చూడవచ్చు. వాషింగ్టన్ నుంచి సుమారు 80 మైళ్ల దూరం. వర్జీనియా, మేరీలాండ్, న్యూజెర్సీ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు చాలామంది; శ్మశానవాటికలో పేర్లు లేని, అంకెలు మాత్రమే చెక్కిన చిన్న చలువరాళ్ల వరుసల దాకా నడవండి. లింకన్ నిలబడిన చోటు జాతీయ శ్మశానవాటికలోనిదా, పక్కనే ఉన్న ఎవర్‌గ్రీన్ శ్మశానవాటికలోనిదా అన్న చర్చ నేటికీ నడుస్తోంది. ఏటా నవంబరు 19న అక్కడ స్మారక సభ జరుగుతుంది. 2013లో జరిగిన 150వ వార్షికోత్సవంలో వేర్వేరు దేశాల నుంచి వచ్చినవారు అదే వేదిక దగ్గర అమెరికా పౌరులుగా ప్రమాణం చేశారు.

పిల్లలు వక్తృత్వ పోటీలో చదవాలంటే ఏ పాఠం తీసుకోవాలి?

బ్లిస్ ప్రతిని తీసుకోండి. తెలుగులో చెప్పేటట్లయితే చివరి వాక్యాన్ని ముక్కలు చేయకుండా, "నిశ్చయించుకోవాలి" అన్న క్రియ దాకా ఒకే ఒరవడిలో తీసుకువెళ్లేలా అనువదించుకోవడం మేలు. పోటీల్లో చాలామంది పిల్లలు "ప్రజల చేత, ప్రజల కొరకు" దగ్గర గొంతు పెంచి చప్పట్ల కోసం ఆగుతారు. దానికి ముందున్న "అసంపూర్ణంగా మిగిలిన పని" దగ్గర ఒక క్షణం ఆగమని చెప్పండి.